ఊఁ అంటే

"అనుపమకు చెప్పిన, నువ్వొస్తవని," అన్నాడు విజయేందర్, సాక్సులు వెతుక్కుంటూ.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న కల్పలత చేతులు ఆగిపోయాయి. "నేనెప్పుడన్న వస్తనని?"

"మొన్న అడిగితే ఊఁ అన్నవ్ గద."

అన్నది, నిజమే. అల్వాల్‌లో ఉన్న తన చెల్లెలు అనుపమకు గర్భసంచి ఆపరేషన్ అని, నెలరోజులు తోడుండాలని ఆయన చెబుతుంటే, చారు పొంగిపోకుండా చూసుకుంటూ ఊఁ కొట్టింది, కథ వింటూ కొట్టినట్టు. పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఆమె మాటల్లో సగం అదే. మిగతా సగం "తిన్నరా", "పెట్టమంటరా". వింటున్నానని చెప్పే ఆ ఊఁ, వాళ్ల చెవుల్లోకి వెళ్లేసరికి ఒప్పుకోలుగా మారిపోతుంది. "కోడలంటె ఊఁ అనాలె, ఊహూఁ అనొద్దు," అనేది పోయిన అత్త శ్యామలమ్మ, పదిమందిలో నవ్వుతూనే. ఆడబిడ్డ మీద కల్పలతకు కోపం లేదు. కోత పడిన మనిషికి తోడు కావలసిందే. ఆ తోడు పేరు చెప్పేముందు తన మొహం వైపు ఎవరూ చూడలేదు, అంతే.

"ఆఫీసుల పని పెరిగేటట్టున్నది," అంది.

"నీదేముంది, నాలుగు వాక్యాలు రాసుడే గద. ఆడ కూసోని రాయి."

చిలకలగూడ నుంచి ఆఫీసున్న కార్ఖానా ఏరియాకు వెళ్లే బస్సులో ఆ నాలుగు వాక్యాలే చెవిలో మోగాయి. మేనేజర్ సత్యదేవ్‌దీ అదే పాట. "కోడింగోళ్లకు తక్లీఫ్, మీది హాయి మేడమ్." మనిషి అడిగింది విని, తగిన టూల్‌ను, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామును, పిలిచి పని చేయించే ఏఐ ఏజెంట్ కోసం, ఒక్కో టూల్ ఏం చేస్తుందో, ఏం చేయదో, దాని జవాబుకు అర్థమేమిటో తేటగా రాయడం ఆమె పని. ఏజెంట్‌కు మొహం చూసి గ్రహించే వీలు లేదు. రాసిన మాటే దానికి లోకం.

ఆఫీసులో అప్పటికే రభస. రక్తపరీక్షల ల్యాబ్ కోసం చేసిన ఏజెంట్ ఒక పెద్దాయనకు బుకింగ్ అయిందని చెప్పేసింది. ఆయన పరగడుపున వచ్చి నిలబడితే అక్కడ పేరే లేదు.

టీమును నడిపే షీబా స్క్రీన్ ఇటు తిప్పింది. "చూడు, బుకింగ్ టూల్ 'ఓకే' అన్నది. ఏజెంటేమో అయిపోయిందనుకున్నది. దీని తప్పేముంది?"

"ఓకే అంటే అడిగింది అందిందని. అయిందని కాదు."

"మరి ఆ ముక్క రాసి ఉందా?"

లేదు. కల్పలత కూర్చుని రాసింది: 'ఓకే' అని వస్తే మనవి అందినట్టు మాత్రమే. బుకింగ్ నంబరు వచ్చేదాకా అయిందని ఎవరికీ చెప్పవద్దు.

మళ్లీ నడిపి చూశారు. "ఇంకా ఖాయం కాలేదు, కాస్త ఆగండి," అంది ఏజెంట్.

"సమజైంది దానికి!" షీబా ఆమె భుజం తట్టింది. "సోమవారం సంది ఈ ల్యాబ్ పని నువ్వే నడిపించాలె. రోజూ వాళ్ల దగ్గరే కూసోవాలె. రేపటికి చెప్పకుంటె సత్యదేవ్ ఇంకెవరికన్న ఇస్తడు. జెర ఇంట్ల మాట్లాడుకో."

మాట్లాడుకో. ఒక యంత్రం తన మాట ఇంత శ్రద్ధగా విన్నందుకు సంతోషించాలో, వినేది అదొక్కటే అయినందుకు ఏడవాలో కల్పలతకు తెలియలేదు.

సాయంత్రం విజయేందర్ సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. చాయ తెచ్చి ముందు పెట్టి, ఎదురుగా నిలబడింది.

"సోమవారం సంది నేను ల్యాబ్‌కు పోవాలె. లీవు పెట్టి అనుపమ దగ్గర మీరుంటరా?"

ఆయన బొటనవేలు తెరమీద జరుగుతూనే ఉంది. "ఊఁ."

ఆమె కదల్లేదు. చాయ మీద మీగడ కట్టేదాకా అక్కడే ఉంది. తలెత్తి "ఏమన్నవ్?" అంటే చాలు, మొత్తం మొదటి నుంచి చెప్పేది. పోట్లాడినా సరే, ఓడిపోయినా సరే. ఆయన తలెత్తలేదు.

ఫోన్ తీసి అక్కడే నిలబడి కలిపింది. "అనుపమా, నేనొస్తలేను. మీ అన్న వస్తడు, లీవు పెట్టుకోని."

"అన్ననా? చాయ పెట్టుడన్న వస్తదా వదినా ఆయనకు?" అవతల అనుపమ పకపకా నవ్వింది.

విజయేందర్ అప్పుడు లేచాడు. "ఏందీ? నన్నడగకుంట నేనొస్తనని ఎట్ల చెప్తవ్?"

"అడిగిన," అంది కల్పలత. "మీరు ఊఁ అన్నరు."