కొసరు బటన్

దొక్‌నిమ్ చెయ్యి ఎవరి మాటా వినదు. నెత్తళ్ల వేపుడు తూచి పొట్లం కట్టబోయే ముందు ఇంకో గుప్పెడు అందులో పడితే గానీ ఆ చెయ్యి గిన్నెను వదలదు. కొరియాలోని కున్సాన్ రేవు దగ్గరి సెమ్‌గోల్ బజారులో వండిన కూరలమ్మే కొట్టు తెరిచిన నాటి నుంచీ ఇంతే. వేపుళ్లు, కారం పట్టించి పులియబెట్టిన కిమ్చీలు, సోయా ఊటలో ఊరిన పెరిల్లా ఆకులు, ఇంటికి పట్టుకుపోతే అన్నం ఒక్కటి వండుకుంటే సరిపోతుంది. ఆ బజారులో కొసరు వెయ్యని కొట్టువైపు జనం కన్నెత్తి చూడరు.

ఆ కొసరు దగ్గర రోజూ పేచీ పెట్టేది ఎదురుగా చేపలమ్మే మల్‌సున్. ముప్పై ఏళ్ల స్నేహం వాళ్లది.

“అదేం కొసరక్కా, పిట్టకేస్తున్నావా?”

“పిట్టయితే నోరుమూసుకుని తినేది. నీకెంతేసినా ఆనదు కదే.”

“ఆనదనేగా వెయ్యమంటున్నా. ఆ పెరిల్లా ఆకులు కూడా రెండు పడెయ్. చేతులేం అరిగిపోవులే.”

చాలు అన్న మాట మల్‌సున్ నోట బజారులో ఎవ్వరూ వినలేదు. దొక్‌నిమ్ తిడుతూనే వేసేది. ఆ పేచీ పడని రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

అలాంటి బజారును పడగొట్టి, పక్కనే కడుతున్న అద్దాల హాలులోకి మారుస్తామని వర్తక సంఘం చెప్పింది. హాలులో చోట్లు తక్కువ. ఫోన్ యాప్‌లో కొట్టు తెరిచి, శరత్కాలపు పండుగ నాటికి నాలుగున్నర స్టార్లు నిలబెట్టుకున్న వాళ్లకే చోటు. మిగతా వాళ్లకు వీడ్కోలు కానుకగా సంఘం పేరు అచ్చువేసిన తువ్వాళ్లు. దొక్‌నిమ్‌కు వేరే పని రాదు, వేరే చోటూ లేదు. కొట్టు పోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో కూడా తెలియదు.

నేర్పడానికి సంఘం తేగ్యూ అనే కుర్ర సలహాదారును పంపింది. చిన్న కొట్లను డిజిటల్ చెయ్యడం అతని ఉద్యోగం. మనిషి మంచివాడే. మొదటి రోజే ఆమె వడ్డించిన తామర దుంపల కూర లొట్టలేసుకుంటూ తిని, అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాడు.

“ఓనరమ్మగారూ, ముందు మీ వ్యాపార వ్యూహం ఏంటో చెప్పండి.”

“వ్యూహమా? తెల్లారకముందే లేచి వండటం.”

“అది కాదండీ, కస్టమర్లు పెరగడానికి ఏం చేస్తారని.”

“ఇంకొంచెం ముందు లేస్తా బాబూ.”

తేగ్యూ నవ్వి, దాన్నే ఏవో పెద్ద మాటల్లో రాసుకున్నాడు. ప్రతి కూరకూ ఫోటో తీశాడు, బరువు కట్టాడు, పేరు పెట్టాడు. ఎదురు కొట్టుకూ అంతే చేశాడు గానీ మల్‌సున్ నోరు అతని వ్యూహానికి లొంగలేదు. చేప కళ్లు నన్నే చూస్తున్నాయని ఒకడెవడో స్టార్లు కోస్తే, ‘నువ్వూ దాన్ని చూడు, సరికి సరి’ అని జవాబు పెట్టించింది. వేసవి దాటకుండానే ఆమె స్టార్లు నేలకు దిగిపోయాయి.

“పోనీలే అక్కా,” అంది మల్‌సున్. “ఇంట్లో తువ్వాళ్లు చిరిగిపోయాయి, పనికొస్తాయి.” అని పెద్దగా నవ్వింది. దొక్‌నిమ్‌కు నవ్వు రాలేదు.

దొక్‌నిమ్ కొట్టుకు మాత్రం ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆమె ఎప్పుడూ చేసేదే చేసింది. ఎవరో తామర దుంపల కూర అడిగితే, పొద్దునే కలిపిన ఉప్పు స్క్విడ్ పచ్చడి కొంచెం కొసరుగా సంచిలో పెట్టింది. మొహం తెలియని మనిషికి కదా అని మామూలు కన్నా ఎక్కువే పెట్టింది. మర్నాడు ఆ సంచి ఫోటో యాప్‌లోకి ఎక్కింది, కింద ఒక్కటే స్టారు. తేగ్యూ చదివి వినిపించాడు. “నేను అడగనిది వచ్చింది. ఎవరో తినగా మిగిలింది పంపారా?”

“మిగిలిందా? నా చేత్తో కలిపానయ్యా, ఆ పొద్దునే!” అంది దొక్‌నిమ్. “ఆ మనిషి నంబరివ్వు. చెప్పుకుంటాను.”

“నంబరు మనకు కనపడదండీ.”

“పోనీ ఇల్లెక్కడ? పోయి చెప్పొస్తా.”

“అలా అస్సలు వెళ్లకూడదండీ.” తేగ్యూ తల గోక్కున్నాడు. “ఫోటోలో ఏముంటే సంచిలో అదే ఉండాలి. కొసరు ఆపెయ్యండి, దయచేసి.”

ఆపేసింది. గిన్నెవైపు పోయే చేతిని రెండో చేత్తో పట్టుకుని మరీ ఆపేసింది. అప్పుడు రెండో వైపు నుంచి పడింది దెబ్బ. కొత్త అపార్ట్‌మెంట్లకు మారిపోయిన పాత బజారు మనుషులే రాశారు, ‘ఈవిడ చెయ్యి పిసినారిదైపోయింది’ అని. ఆ మాట రాసిన వాళ్ల పెళ్లిళ్లకు కూడా ఆమె కూరలు వండి పంపింది. ఆ రోజు కొట్టు వెనక కూర్చుని కళ్లొత్తుకుంది.

తేగ్యూ ఊరికే ఉండలేదు. వెతికి వెతికి ఒక ఉపాయంతో వచ్చాడు. కూర ఫోటోల కింద కొత్త బటన్. కొసరు కావాలి, ధర సున్నా వోన్.

“నొక్కిన వాళ్లకి వెయ్యండి, నొక్కనోళ్లకి వద్దు. ఇక ఎవరూ ఏమీ అనలేరు.”

“అడిగి పుచ్చుకునేది కొసరెలా అవుద్ది బాబూ?”

“మల్‌సున్‌గారు రోజూ అడుగుతారుగా?”

“అది అడగటం వేరు,” అంది దొక్‌నిమ్.

అందరూ నొక్కారు. సున్నా వోన్ బటన్‌ను నొక్కకుండా వదిలే పిచ్చివాడు ఎవడుంటాడు! తర్వాత పక్కింటి వాళ్లకు ఎక్కువ వచ్చింది, మాకు తక్కువ వచ్చింది అని గోల మొదలైంది. దాంతో కొసరును కూడా తూచాల్సి వచ్చింది. పొద్దునే బుల్లి ప్లాస్టిక్ డబ్బాల్లో సమంగా నింపి, మూతలు పెట్టి, వరసగా పేర్చి ఉంచేది. స్టార్లు పెరిగాయి. పండుగకు హాలులో ఆమెకు చోటు దొరికింది. మల్‌సున్‌కు తువ్వాళ్లు దొరికాయి.

హాలులో వెలుతురెక్కువ, మాట తక్కువ. వచ్చిన వాళ్లు గుమ్మం దగ్గరి మిషన్ తెర మీద నొక్కితే లోపల చీటీ వస్తుంది. మొదట్లో ఒక ముసలాయనకు చెయ్యి ఆగక కాస్త ఎక్కువ వేసింది. వెనక నిలబడ్డావిడ ‘మనిషిని చూసి కొసరేస్తారు’ అని రాసింది. తేగ్యూ ఫోన్ చేశాడు.

“ఇంకొక్కటి ఇలాంటిది పడితే నాలుగున్నర దిగిపోతాం ఓనరమ్మగారూ. చోటు ఏడాదికే ఇచ్చారు, గుర్తుందా?”

గుర్తుంది. ఏడాది తర్వాత మళ్లీ ఏడాది, ఆ తర్వాతా ఇంతే. దీనికి చివరంటూ లేదని ఆమెకు ఆ రోజే అర్థమైంది.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మల్‌సున్ వచ్చింది. హోటల్లో గిన్నెలు తోముతోందని వినడమే, బజారు పోయాక చూసింది లేదు. చేతులు నాని తెల్లగా అయిపోయాయి. మిషన్ ముందు తడబడుతుంటే వెనకున్న పిల్ల ఏం కావాలో అడిగి, నొక్కి పెట్టింది. చీటీ వచ్చింది. పెరిల్లా ఆకులు, ఒకటి. కొసరు నొక్కిన గుర్తు లేదు.

దొక్‌నిమ్‌కు ప్రాణం లేచొచ్చింది. “ఏమే, బతికే ఉన్నావా?”

“ఉన్నా గానీ అక్కా, నీ మిషన్‌తో వేగేసరికి సగం పోయా.”

నవ్వుకున్నారు. దొక్‌నిమ్ ఆకుల డబ్బా సంచిలో పెట్టింది. ఆమె చెయ్యి దాని దారిన అది ఆకుల గిన్నెవైపు వెళ్లింది. మల్‌సున్ వెనక వరసలో మనుషులున్నారు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఇందాక నొక్కి పెట్టిన పిల్ల చూపు సరిగ్గా ఆ చేతిమీదే ఉంది. చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది.

ఇప్పుడు తిడుతుంది, అనుకుంది దొక్‌నిమ్. పిట్టకేస్తున్నావా అంటుంది. అననీ, గిన్నెడూ సంచిలో కుమ్మరిస్తాను, స్టార్లు గంగలో కలవనీ. ఒక్కసారి తిట్టవే తల్లీ, అని లోపల్లోపల బతిమాలుకుంది.

మల్‌సున్ ఆగిపోయిన చేతిని చూసింది. వెనక్కి తిరిగి వరసను చూసింది. తర్వాత సంచిని కొత్తవాళ్ల దగ్గర తీసుకున్నట్టు రెండు చేతులతో మర్యాదగా అందుకుంది.

“చాలక్కా,” అంది మెల్లగా. “ఒక్కదాన్నేగా. ఇది చాలు.”

తల వంచి నమస్కరించి వెళ్లిపోయింది. దొక్‌నిమ్ చెయ్యి ఇంకా గిన్నె మీదే ఉంది.

“ఆంటీ, నేను కొసరు నొక్కాను. వచ్చిందా?” అంది పిల్ల.

దొక్‌నిమ్ చీటీ చూసింది. మూత పెట్టిన బుల్లి డబ్బా ఒకటి తీసి సంచిలో వేసింది.

“వచ్చిందమ్మా,” అంది.