గార్డు డబ్బాకు ఎర్ర దీపం

అంజవ్వ పగిలిన టైలు ముక్క మీద రెండు ట్యూబుల నుంచి మినపగింజంత చొప్పున జిగురు పిండి, అగ్గిపుల్లతో కలుపుతోంది. ఒకటి తేనె రంగు, రెండోది పాల రంగు. నూరు సార్లు తిప్పాలి. తొంభై దగ్గర ఆపితే జిగురుకేమీ కోపం రాదు గానీ అంజవ్వకు మనసొప్పదు. నూరు పూర్తయ్యాక పుల్ల కొసతో ఒక్క బొట్టు తీసి చెక్కకు రాసింది. దాని మీద ఇత్తడి ఇరుసును ఆనించి, ఊపిరి బిగబట్టి, పది లెక్కపెట్టి వేళ్లు వదిలింది. ఇరుసు కదల్లేదు. అప్పుడు గానీ ఆమె పక్కనున్న చాయ్ గ్లాసు వంక చూడలేదు. చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది.

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దాటాక ఒక సందు, ఆ సందు చివర ఒక రేకుల గది. బయట బోర్డు లేదు. లోపల బొమ్మ రైళ్లు తయారవుతాయి. పిల్లలు తాడు కట్టి లాక్కుపోయే బొమ్మలు కావవి. నిజం రైలును మేకు మేకూ కొలిచి, అరచేతిలో ఇమిడేంతగా కుదించి చేసేవి. గది యజమాని ప్రశాంత్‌ది ఎడపల్లి, అంజవ్వ వాళ్ల వాడకట్టే. ఇంజనీరింగు చదివి, ఏ ఆఫీసులోనూ కుదురుగా కూర్చోలేక ఈ పనికి దిగాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు పుణె నుంచీ చెన్నై నుంచీ బొమ్మ రైళ్లు తెప్పించుకుంటారంటే ఎడపల్లిలో ఇప్పటికీ చాలామంది నమ్మరు. అంజవ్వ కూడా మొదట్లో నవ్వింది. నవ్వుతూనే పనిలో చేరింది.

చేరేటప్పటికి ఆమెకు యాభై ఏడు. తొమ్మిదో ఏట తునికాకు కత్తిరించడం మొదలుపెట్టి, తల నెరిసేదాకా బీడీలే చుట్టింది. రోజుకు వెయ్యి. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం. మొగుడు రాజలింగు చనిపోయిన ఏడు కూడా పదకొండో రోజు దాటగానే చాట ఒళ్లోకి వచ్చింది. ఆమె చుట్టిన బీడీలన్నీ వరసగా పేరిస్తే బోధన్ నుంచి హైదరాబాద్ దాకా పోయి మళ్లీ తిరిగి వస్తాయి. కానీ పేర్చడానికి ఒక్కటన్నా ఉంటే కదా! అన్నీ ముక్కూ ముఖం తెలియని మనుషుల పెదాల దగ్గర పొగై పోయాయి. దగ్గు ముదిరి, డాక్టరు చాట పక్కన పెట్టమన్నప్పుడు, యాభై ఏళ్లలో తాను చేసింది ఒక్కటీ ఈ లోకంలో మిగల్లేదని ఆమెకు తోచింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఒంటిచేత్తో దారం ముడివేసే ఆమె వేళ్లను అరుగు మీద ఎన్నోసార్లు చూసిన ప్రశాంత్, అప్పుడే పనికి రమ్మన్నాడు. మొదటి నెలలోనే మూడు రైలు డబ్బాలు పాడుచేసింది. చుట్టిన బీడీలను ఎండకు ఆరబెట్టడం పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పని కనుక, జిగురు తొందరగా ఆరుతుందని ఆ డబ్బాలను మే నెల ఎండలో రేకు మీద పెట్టి వచ్చింది. మధ్యాహ్నానికి ప్లాస్టిక్ గోడలు అప్పడాల్లా వంకర తిరిగాయి. ప్రశాంత్ తిట్టలేదు, నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఇంతకాలం గబగబా చేయడమే పనితనం అనుకున్న మనిషికి, ఆగడం కూడా పనేనని అరవై దగ్గర పడ్డాక తెలిసింది. దేన్ని దేనితో అతికించాలి, ఎంతసేపు ఆగాలి, మూడేళ్లుగా ఇదే ఆమె చదువు.

ఆ చదువు సీసాల మెడలకు కట్టి ఉంటుంది. చదవడం రాదు కాబట్టి సీసాకో రంగు బీడీ దారం కట్టింది. చెక్కకు చెక్క అతికే తెల్ల జిగురుకు తెల్ల దారం. ప్లాస్టిక్‌ను కరిగించి ప్లాస్టిక్‌తో కలిపే నీళ్ల మందుకు పచ్చ దారం. రెండు వైపులా రాసి, వేలికి అంటనంతగా ఆరాకే కలపాల్సిన రబ్బరు జిగురుకు నల్లది. చిటికెలో పట్టేసే క్విక్ గమ్‌కు ఎర్రది. ఎరుపు ఎందుకంటే దానితో జాగ్రత్త. తొందరపడేవాళ్లకు అది మహా ఇష్టం, అది మాత్రం ఎవరి మాటా వినదు. చెక్కకు ఇత్తడి, ఇత్తడికి గాజు, ఇలా ఒకదానికొకటి చుట్టం కాని వస్తువులకు మాత్రం రెండు ట్యూబుల జిగురే. అది నిదానస్తురాలు, పొద్దుటికి గానీ గట్టిపడదు. దానికి అంజవ్వ దారమే కట్టలేదు. దాన్ని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

ఇప్పుడు చేస్తున్నది బోధన్‌లో ఉండే బాలన్న కోసం. ఒకప్పుడు చెరకు తోటల నుంచి ఫ్యాక్టరీకి చెరకు మోసిన చిన్న రైలుకు ఆయన గార్డు. రైలు లేదు, పట్టాలూ లేవు, ఆయనకు ఎనభై రెండేళ్లు. పాత ఫోటోలు నాలుగు ఇచ్చి ఆ రైలు చేయమన్నాడు. తాను చూసుకున్నన్నాళ్లు చూసుకుని, తర్వాత కోటగిరి బడికి ఇస్తాడట. ఇంజన్, ఎనిమిది చెరకు డబ్బాలు పోయిన వారమే ఆయన ఇంటికి చేరాయి. చీపురుపుల్లలు ముక్కలు చేసి, చెరకు గడల్లా పేర్చి అతికించింది అంజవ్వే. మిగిలింది చివరి గార్డు డబ్బా. అందులోనూ మిగిలింది జొన్నగింజంత ఎర్ర దీపం.

ఆ దీపానికి గాజు ఆయనే పంపాడు. డ్యూటీలో పట్టుకున్న చేతిలాంతరు నిరుడు కిందపడి పగిలితే, ఎర్ర అద్దం పెంకులను పారేయనివ్వకుండా మందుల డబ్బాలో దాచుకున్నాడు. అరగదీస్తుంటే అన్నీ పొడి అయిపోయి, చివరికి ఒక్కటి కుదిరింది. అది పోతే మళ్లీ లేదు. అందుకే అంజవ్వ ముందుగా పగిలిన ఎర్ర చేతిగాజుల ముక్కలు నాలుగు తెచ్చి, ఇత్తడి రేకు మీద నాలుగు జిగుర్లతో అతికించి వారం చూసింది. తెల్ల జిగురు ముక్క గోరు తగలగానే ఊడింది. రబ్బరు జిగురు ముక్క చుట్టూ గోధుమరంగు చారలు దిగాయి. క్విక్ గమ్‌ది అతికింది గానీ గాజు మీద తెల్లని మసక కమ్మింది, స్టూలు మీద నుంచి పడేస్తే టక్కున విడిపోయింది. రెండు ట్యూబులది మూడుసార్లు పడేసినా అలాగే ఎర్రగా మెరుస్తూ ఉంది.

కనుక దీపం సంగతి తేలిపోయింది. ఈ రోజు అతికించి, రేపు పొద్దున ప్రశాంత్ బోధన్ తీసుకుపోవాలి. పన్నెండున్నరకు ఫోను రాకపోతే అలాగే జరిగేది.

ఫోను చేసింది బాలన్న కోడలు రేణుకమ్మ. మామకు రాత్రి నుంచి బాగాలేదట. దవాఖానకు రానంటున్నాడట, రైలు ఏదని రెండుసార్లు అడిగాడట. ప్రశాంత్ ఫోను జేబులో పెట్టుకుని, నేరుగా వచ్చి ఎర్ర దారం సీసా తీసి ఆమె ముందు పెట్టాడు.

“అవ్వా, గిది పెట్టు. ఐదు నిమిషాల్ల అయిపోతది.”

“మసక పడతది బిడ్డా.”

“ఆయనకు సూపు సరిగ లేదు. పోనీ చేతిగాజు ముక్కనే పెడదాం. ఆయనకేం తెలుస్తది?”

“నాకు తెలుస్తది గద.”

ప్రశాంత్ చిన్నబోయాడు. అంజవ్వ ఎర్ర దారం సీసాను చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టింది. ఆగితే మనిషి ఉంటాడో ఉండడో. తొందరపడితే దీపం మసకబారుతుంది, నాలుగు నాళ్లకు రాలిపోతుంది, బడి పిల్లల చేతికి దీపం లేని డబ్బా దక్కుతుంది. తన చేతి పని ఇన్నేళ్లకు ఒకటి మిగలబోతోంది, అదీ సగంలో రాలిపోయేదేనా అని ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చి, టైలు ముక్క దగ్గరికి లాక్కుంది. రెండు మినపగింజలు. నూరు తిప్పులు.

ఎర్ర గాజును సన్నని పట్టకారుతో ఎత్తి ఇత్తడి గూటిలో కూర్చోబెట్టింది. తర్వాత రొంటిన దోపుకున్న దారపు ఉండ తీసింది. బీడీలు మానేసినా దారం ఉండ మానలేదు. గాజు కదలకుండా, గూటి చుట్టూ రెండు చుట్లు చుట్టి, కొస లాగితే విడిపోయే ముడి వేసింది. ఒంటిచేత్తోనే వేసింది. ప్రశాంత్ చూస్తూ నిలబడిపోయాడు.

“నేనే పట్టుకపోత,” అంది అంజవ్వ. “బండి మీద నీతోని వస్తే అదురుతది. బస్సుల ఒళ్లె పెట్టుకుంట.”

పోయేముందు ప్రశాంత్ డబ్బాను జాగ్రత్తగా ఎత్తి, అడుగున సన్నని పెన్నుతో ఏదో రాశాడు. ఏం రాశావని అడిగితే, నీ పేరేనన్నాడు. ప్రతి బొమ్మ రైలు కింద తన కంపెనీ పేరు వేసేవాడు, ఈసారి వేయలేదు. ఆధార్ కార్డు మీద ఎన్నోసార్లు చూసిన ఆకారమే గనుక అంజవ్వ ఆ మూడక్షరాలను పోల్చుకుంది. గదిలో మూలన పడున్న పాత చాట దులిపి, దానిలో మెత్తటి గుడ్డ పరిచి, డబ్బాను పెట్టుకుని బయల్దేరింది.

బోధన్ బస్సు ఆడవాళ్లతో కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు పైసా అడగని జీరో టికెట్టు వచ్చినప్పటి నుంచీ సీటు దొరకడం గగనమైంది. కానీ చాట పట్టుకుని నిలబడ్డ ముసలమ్మను చూసి ఒకామె లేచి చోటిచ్చింది. మోస్రా వైపు మనిషట, ఆమె వేళ్లకూ తంబాకు మరక ఉంది. చాటలో గుడ్డ మడతల్లో ఏముందో కనబడక, దారం కొస మాత్రం చూసి, బీడీలే అనుకుని పలకరించింది.

“ఇయ్యాల ఎన్నైనయ్ అవ్వా?”

“ఒక్కటే,” అంది అంజవ్వ.

ఆమె నవ్వింది. అంజవ్వ కూడా నవ్వింది. ఎడపల్లిలో తన ఇల్లు కిటికీలోంచి వెనక్కి పోయింది. గుంత వచ్చినప్పుడల్లా చాటను రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకుంది. బోధన్‌లో దిగేసరికి భుజాలు పట్టేశాయి, దీపం మాత్రం వెంట్రుకవాసి కూడా జరగలేదు.

బాలన్న మంచం కిటికీ పక్కన ఉంది. కిటికీ గట్టు మీద ఇంజన్, ఎనిమిది డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. రేణుకమ్మ ఆయన వీపు కింద దిండు పెట్టి లేపింది. మనిషి ఎండి పుల్లయ్యాడు గానీ కళ్లు మాత్రం చాట మీదే ఉన్నాయి. గార్డు డబ్బాను అరచేతిలో పెట్టించుకుని, తలుపు, మెట్టు, పట్టుకునే ఇత్తడి కడ్డీ, ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. కిటికీ వెలుగుకు అడ్డంగా ఎత్తాడు. జొన్నగింజంత ఎర్రని చుక్క ఆయన బొటనవేలి మీద పడింది. చాలాసేపు దాన్నే చూశాడు.

“గార్డు డబ్బ లేంది బండి కదలద్దు,” అన్నాడు. “రూలు.”

అంజవ్వ ఎవరో, ఏ ఊరో, ఇంతకుముందు ఏం చేసేదో అడిగి తెలుసుకున్నాడు. బీడీలు అనగానే ముఖం విప్పారింది. బండి మీద నలభై ఏళ్లు బీడీలే తోడని, నువ్వు చుట్టినవి కూడా తాగే ఉంటానని అన్నాడు.

“నేను చుట్టినయి తాగే గిట్లయినవేమో బాపూ,” అంది అంజవ్వ.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. రేణుకమ్మ మామ వీపు నిమురుతూ, ఈ వారంలో నవ్వడం ఇదే మొదటిసారి అక్కా అంది. అంజవ్వకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. తన పొగలో కూడా ఏదో కొంచెం మిగిలి ఈ మనిషి దగ్గర ఉందని అనిపించింది.

డబ్బాను గట్టు మీద, మిగతావాటికి జానెడు ఎడంగా పెట్టారు. జిగురు ఇంకా పచ్చిగా ఉంది, పొద్దుటిదాకా కదిలించకూడదని ఆమె చెప్పింది. దారం ఎట్లా తీయాలో ఆయన అడిగాడు.

“తెంపద్దు బాపూ. తెంపితే అదురుతది. గీ కొస పట్టి మెల్లగ గుంజు, ముడి అదే ఇడుస్తది.”

“పొద్దుగాల నేనే ఇప్పుత,” అన్నాడు బాలన్న. మాట ఇచ్చినట్టే అన్నాడు.

పొద్దుగుంకకముందే అంజవ్వ తిరుగు బస్సెక్కింది. ఒళ్లో ఖాళీ చాట. రెండు చేతులూ అలవాటు ప్రకారం దాన్ని పట్టుకునే ఉన్నాయి.

పొద్దున ఏడు గంటలకు ప్రశాంత్ ఆమె ఇంటి ముందు బండి ఆపాడు. దిగకుండానే తల దించుకున్నాడు. చెప్పనవసరం లేకపోయింది. అంజవ్వ కొంగు భుజాన వేసుకుని వెనక కూర్చుంది.

బోధన్‌లో ఆ ఇంటి ముందు చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. రేణుకమ్మ కళ్లు వాచి ఉన్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది. తెల్లవారుతుండగా కిటికీ తెరవమన్నాడట. కాసేపు అటు తిరిగి కూర్చున్నాడట. చాయ్ పెట్టుకుని వచ్చేసరికి దిండుకు ఆనుకుని నిద్రపోయినట్టే ఉన్నాడట. రైలును కోటగిరి బడికి ఇచ్చేటప్పుడు అతికించిన అంజవ్వను కూడా తీసుకుపోవాలని, నిన్న రాత్రి పడుకునేముందు రెండుసార్లు చెప్పాడట.

అంజవ్వ ఆయన కాళ్లకు మొక్కి, కిటికీ దగ్గరికి వెళ్లింది. గార్డు డబ్బా ఇప్పుడు ఎడంగా లేదు. ఎనిమిదో చెరకు డబ్బా వెనక, కొక్కేనికి కొక్కెం తగిలి ఉంది. చిటికెనవేలి గోరుతో దీపాన్ని మెల్లగా నొక్కి చూసింది. రాయిలా ఉంది. మసక లేదు. ఎండ దాన్ని దాటి గోడ మీద ఎర్రని చుక్కై నిలిచింది.

దాని పక్కనే గట్టు మీద, ఎక్కడా తెగకుండా, ముడి విడిచి, వేలికి చుట్టి తీసినట్టు గుండ్రంగా, జానెడు బీడీ దారం.