తడి అడుగుల హేవన్

హేవన్ ఆస్పత్రి వార్డులో అడుగు పెట్టిందంటే చాలు, ఊడ్చే ఆవిడ పసుపుపచ్చ బోర్డు పట్టుకుని వెనకాలే వచ్చేది. "జారుతుంది, జాగ్రత్త" అని రాసుండే బోర్డు. పిల్ల ఎటు తిరిగితే బోర్డూ అటే. బయట ఎండ మండిపోతున్నా, ఎంత మంచి బూట్లు తొడుక్కున్నా, ఆ పిల్ల నడిచిన చోట తడి అడుగులు పడతాయి. సిగ్గుపడాల్సిన పని చేస్తే వాళ్ళ వంశంలో అందరికీ అంతే. వాళ్ళ నాన్న బతికున్న రోజుల్లో తాగి, పడవ మీద పని పోగొట్టుకుని వస్తే, రేవు నుంచి ఇంటిదాకా మనిషిని అడగక్కర్లేకుండా దారి తెలిసేది. మోక్పో రేవుపట్నంలో ఆ వీధివాళ్ళెవరూ దాన్ని పట్టించుకోరు. కొందరికి అరచేతులు చెమరుస్తాయి, వీళ్ళకి అడుగులు తడుస్తాయి, అంతే.

నాయనమ్మ మాల్‌సూన్ అడుగు మాత్రం తడిసినట్టు ఎవరూ ఎరగరు. ఆవిడకి దేనికీ సిగ్గు లేదని చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వుతూ అనేవాళ్ళు, ఆవిడా ఒప్పుకునేది. వీధి చివరి స్నానశాలలో నల్ల లోదుస్తులతో నిలబడి, చేతికి గరుకు గుడ్డ తొడుక్కుని, ఊళ్ళో ఆడవాళ్ళ ఒంటి మీద మట్టి వత్తులు వత్తులుగా రుద్ది తీసే పని ఆవిడది. కొడుకు పోయి, కోడలు వేరే సంసారం చేసుకుని వెళ్ళిపోయాక, మనవరాలిని ఆ గుడ్డతోనే పెంచింది.

మనవరాలు నర్సింగ్ మూడో ఏడులోకి వచ్చింది. పగలంతా ఆస్పత్రిలో ప్రాక్టికల్, జీతం లేని చాకిరీ. సాయంత్రం మూల మీది కొట్లో కౌంటర్. శని, ఆదివారాలు నాయనమ్మ పక్కన, మనుషుల్ని పడుకోబెట్టి రుద్దే రెండో బల్ల దగ్గర తనూ గుడ్డ తొడుక్కునేది. ఇన్ని చేసినా ఫీజు కట్టే రోజు వచ్చేసరికి చెయ్యి ఖాళీ. కాలేజీలో ఎవరైనా అడిగితే, "మా నాయనమ్మకి బ్యూటీ పార్లర్ ఉంది" అనేది. ఆ చిన్న అబద్ధానికి చిన్న తడి. ఆ బోర్డు దాని కోసమే.

పంటల పండగ ఛుసొక్ ముందు ఊరు ఊరంతా ఒళ్ళు రుద్దించుకోడానికి వస్తుంది. ఏడాదిలో అసలు సంపాదన ఆ నాలుగు రోజులదే. సరిగ్గా అప్పుడే నాయనమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేవలేదు.

"పండగ పూట బల్ల ఖాళీగా ఉంచలేను అత్తా, వేరే మనిషిని చూసుకుంటాను," అంది స్నానశాల యజమానురాలు. చూసుకుందంటే ఇక ఆ బల్ల వాళ్ళది కాదు. హేవన్ ప్రాక్టికల్ మానేస్తే ఈ టర్మ్ పోతుంది. ఇంట్లో మనిషి పోతే తప్ప అక్కడ సెలవు ఇవ్వరు.

ఆ మర్నాడు, ప్రాక్టికల్ చేయించే ప్యో మేడమ్ గదిలో నిలబడి హేవన్ ఒక మనిషిని చంపేసింది.

"మా నాయనమ్మ పోయింది మేడమ్."

ప్యో మేడమ్ చేతిలో పెన్ను కింద పెట్టింది. బెడ్‌షీటు మూల సరిగ్గా మడవకపోతే మళ్ళీ మళ్ళీ పరిపించే మనిషి. "అయ్యో. నిన్ను పెంచిన ఆవిడేనా? ఎక్కడ ఉంచారు? మేమంతా వస్తాం."

"వద్దు మేడమ్. ఊళ్ళో కాదు. మా వాళ్ళే, కొద్దిమందిమి."

గదిలోంచి బయటికి వస్తుంటే బూట్లలో నీళ్ళు చప్పుడు చేశాయి. వెనక పడినవి మామూలు తడి అడుగులు కావు, మడుగులు. సాయంత్రానికి క్లాసువాళ్ళు ఆనవాయితీ ప్రకారం చావు ఖర్చులకి తలా కొంత వేసి ఆమె ఖాతాకి పంపారు. మధ్యాహ్నం అన్నం మానేసి ఎండు రొట్టె తినే జిన్‌సొల్ కూడా వేసింది. ఫీజులో తక్కువైంది సరిగ్గా అంతే. హేవన్ కట్టేసింది.

"కాలేజీకి సెలవిచ్చారు" అంటే నాయనమ్మ నమ్మింది. గుమ్మంలో నీళ్ళు చూసి, "ఏమిటే ఇంత తడి?" అంది.

"వాన."

"వానెక్కడ?" అని ఎండలోకి చూసింది, మనవరాలి మొహం చూసింది.

రెండో బల్ల వదిలేసి మొదటి బల్ల దగ్గరే నిలబడి హేవన్ రుద్దింది. చేపలమ్మే ఆడవాళ్ళ వీపులు, పెళ్ళి కుదిరిన పిల్లల భుజాలు, ముసలమ్మల మోకాళ్ళు. లోపల నేలంతా నీళ్ళే కాబట్టి అక్కడ ఉన్నంతసేపూ ఆమె అడుగులు ఎవరికీ కనబడవు. ఆ ఒక్క సుఖం ఉంది. నాయనమ్మ భుజానికి వేడి పట్టీ వేసుకుని, బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని, అక్కడ అమ్మే ఉడికించిన గుడ్లు ఒలుస్తూ, వచ్చేవాళ్ళని వరసలో పెట్టేది.

మూడో రోజు మధ్యాహ్నం ఆ గదిలోకి ఒకావిడ వచ్చింది. నల్ల సూటు, నల్ల మేజోళ్ళు. బూట్లు బయట విడిచి వచ్చేసరికి తడి నేల మీద మేజోళ్ళు తడిసిపోయాయి. చేతిలో చావు ఇంటికిచ్చే డబ్బున్న తెల్ల కవరు. ప్యో మేడమ్. ఇల్లు తెలియక ఆస్పత్రిలో ఊడ్చే ఆవిడని అడిగితే, "ఆ పిల్ల అడుగులు ఇంకా ఆరలేదమ్మా, రేవు వైపు పోయాయి, పట్టుకుని వెళ్ళండి" అందట.

అద్దం తలుపు అవతల హేవన్ గుడ్డ తొడుక్కున్న చెయ్యితో అలాగే ఆగిపోయింది. నేల చీలితే అందులోకి దూరిపోయేదే.

"హేవన్ ఉంటుందా ఇక్కడ? వాళ్ళ నాయనమ్మగారు పోయారని తెలిసి..."

నాయనమ్మ సగం ఒలిచిన గుడ్డు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడకి సంగతి అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో హేవన్‌కి తెలీదు. పండగ సెలవు, గుమ్మంలో వాన, అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుని ఉంటుంది.

"పోయింది," అంది నాయనమ్మ. "నేను ఆవిడ చెల్లెల్ని."

ప్యో మేడమ్ రెండు చేతులూ ముందు పెట్టుకుని నడుం వంచింది. నాయనమ్మ నొప్పి భుజంతోనే తిరిగి వంగింది.

"బాధపడ్డారా, పోయేముందు?"

"లేదమ్మా. గుడ్లు ఒలుస్తూ ఉండగా ఉన్నట్టుండి పోయింది. మంచిదే, కాకపోతే నోరెక్కువ. పిల్ల గురించే ఎప్పుడూ. నర్సు అవుతుంది, నర్సు అవుతుంది అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పి ప్రాణం తీసేది." కవరు తీసుకుంది. "పదండి, సాగనంపుతాను."

హేవన్ తువ్వాలు చుట్టుకుని వెనకే పరిగెత్తింది. వీధిలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. నాయనమ్మ పొడి రబ్బరు చెప్పులు తొడుక్కుని ప్యో మేడమ్ పక్కన నాలుగడుగులు వేసింది. సిమెంటు మీద నాలుగు తడి ముద్రలు పడ్డాయి, చెప్పులున్నా ఉత్తి పాదాలవే, వెడల్పువి, బొటనవేలు పక్కకి తిరిగినవి. నాయనమ్మ ఆగి కిందికి చూసింది. చెప్పు ఎత్తి అడుగు చూసుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తడే. ఇన్నేళ్ళ వయసులో, నాలుగిళ్ళవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని చూస్తుండగా, ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

మోసం బయటపడుతుందని కాదు, ఆ చెవులు చూడలేక హేవన్ నోరు విప్పింది.

"మేడమ్, మా నాయనమ్మ ఈవిడే. పోలేదు. నేనే చంపాను."

తువ్వాలుతో, తడి జుట్టుతో, వీధి మధ్య నిలబడి మొత్తం చెప్పింది. బ్యూటీ పార్లర్ లేదని కూడా చెప్పింది. అయ్యాక ప్యో మేడమ్ తన తడి మేజోళ్ళకేసి చూసుకుంది.

"ఈ టర్మ్ పోయినట్టే. తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"డబ్బు వేసినవాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళి, నువ్వే చెప్పి, తిరిగి ఇవ్వాలి. ఒక్కొక్కరికీ." సూటు సర్దుకుని అంది, "వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి నా దగ్గరే చేద్దువు గాని. నేను సులువుగా వదలను."

నాయనమ్మ కవరు వెనక్కి ఇచ్చేసింది. ప్యో మేడమ్ వెళ్ళిపోయింది.

నాయనమ్మ తిట్టలేదు. లోపలికి వెళ్ళి, వరసలో ఉన్నవాళ్ళని కాసేపు ఆగమని, ఎన్నో ఏళ్ళుగా ఇతరులని పడుకోబెట్టిన ఆ బల్ల మీద తనే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది.

"రా. పోయినవాళ్ళకి సొంతవాళ్ళు స్నానం చేయించాలి. పరాయివాళ్ళ చేత చేయించుకోను."

హేవన్ నీళ్ళు మణికట్టు మీద పోసి వేడి చూసుకుంది. ఏ భాగం కడుగుతోందో అది వదిలి మిగతా ఒళ్ళంతా తువ్వాలు కప్పింది.

"నాయనమ్మా, ఎడం చెయ్యి ఎత్తుతున్నాను."

"చచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదే."

"చెప్పాలి. మాకు అలాగే నేర్పారు." చెయ్యి కడిగి మెల్లగా దించింది. "కుడి భుజం ముట్టుకుంటున్నాను. నొప్పి పుడితే చెప్పు."

నాయనమ్మ కళ్ళ పక్క నుంచి నీళ్ళు బల్ల మీదికి జారాయి. వరసలో ఉన్న ఆడవాళ్ళు ఆవిరిలో నిలబడ్డారు.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే హేవన్ వెనక్కి తిరిగి చూసింది. తన బూట్ల కింద నేల పొడిగా ఉంది. పక్కన నాయనమ్మ అడుగులు మాత్రం ఇంకా తడిగానే పడుతున్నాయి. నాయనమ్మని ముందు నడవనిచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్క అడుగూ తుడుచుకుంటూ ఇంటిదాకా వెళ్ళింది.