పొగ లేచిన దీవి

తెల్లవారితే చిక్కమ్మకు మొదటి పని బావి దగ్గరే. సోగత్తూరులో ఆ బావిలోకి తాడు రెండు బారలకు మించి వదలకూడదు. పైన తేలేది తియ్యనీళ్ళు, కింద ఉప్పు సముద్రం. బావి నడుమ ఎక్కడో దక్షిణ సముద్రపు దీవి ఉన్నప్పుడు నీళ్ళు అట్లా ఉండక ఇంకెట్లా ఉంటాయి? కొత్త కోడళ్ళకు ఈ ఊళ్ళో ముందు నేర్పేది వంట కాదు, తాడు కొలత.

దీవి పెద్దదేం కాదు. చుట్టూ పగడపు దిబ్బ, కొబ్బరి చెట్లు, ఒక మిట్ట. ఓడ ఆగడానికి రేవు కూడా లేదు. చిక్కమ్మ అత్త సెల్లమ్మాళ్ బావి గట్టుకు ఆనుకుని అక్కడి ఆడవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టింది. వాళ్ళ పెద్దలు నక్షత్రాలు చూసుకుంటూ జంట పడవల్లో వచ్చారు. చాలా తరాల తర్వాత ఒక ఓడ వచ్చింది. పని ఉంది రమ్మన్నారు, ఏ ఊరో చెప్పలేదు. ఎక్కిన మగవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. అప్పటి నుంచి తెలియని ఓడ కనబడితే ఆడవాళ్ళు మిట్ట మీద పచ్చి కొబ్బరి పీచు రాజేస్తారు, ఆ పొగ చూసి మగవాళ్ళు గుహల్లో దాక్కుంటారు.

రెండువేల మూడులో వానలు మొహం చాటేశాయి. చిక్కమ్మ మొగుడు మునిరాజ్ రాళ్ళ క్వారీ పనికి సంచి సర్దుకున్నాడు. మేస్త్రి లారీతో వస్తానన్నాడు గానీ క్వారీ ఎక్కడో చెప్పలేదు. చిక్కమ్మకు ముద్ద దిగడం లేదు. అడిగితే మొగుడు విసుక్కుంటాడు, అడక్కపోతే గుండె ఊరుకోదు.

ఆ పొద్దున లారీ రోడ్డు మలుపు తిరిగేసరికి బావిలోంచి పొగ లేచింది.

"పోవద్దయ్యా, పొగ చూడు," అంది చిక్కమ్మ.

"వాళ్ళకేదో ఓడ వచ్చింటాది. మనకేంటికి?" అన్నాడు మునిరాజ్.

సెల్లమ్మాళ్ బావిలోకి వంగి చూసి వచ్చింది. "సముద్రంలో ఓడ లేదురా. ఆ పొగ మనకే."

అతను వినలేదు. లారీ హారన్ కొట్టింది. చిక్కమ్మ ఇంకేం ఆలోచించకుండా సంచి లాక్కుని బావిలో పడేసింది. మునిరాజ్ నోటికొచ్చినట్లు తిడుతూ బావి మెట్లు దిగాడు. అలలు సంచిని దీవి వైపు లాక్కుపోయాయి, అతనూ వెనకాలే ఈదాడు. ఒడ్డున ఒక ముసలామె ఏమీ అడక్కుండా అతని చెయ్యి పట్టుకుని గుహలోకి నడిపించింది.

"మునిరాజ్ ఏడీ?" అన్నాడు మేస్త్రి.

"ఊర్లో లేడు," అంది చిక్కమ్మ. అందులో అబద్ధమేముంది? లారీ పక్కింటి అన్నామలైనీ మరికొందరినీ ఎక్కించుకుని పోయింది.

సాయంత్రం మునిరాజ్ తడిసిన సంచితో పైకి వచ్చాడు. తిట్లన్నీ దీవిలోనే మరిచిపోయినట్టున్నాడు. "ఇంటింటి ముందరా ఒక ఆకు పరిచి తిండి పెట్టినారు," అన్నాడు. "ఓడలో పోయినోళ్ళకంట. ఇంకా పెడతానే ఉండారు."

దీపావళి పోయింది, పొంగల్ పోయింది. అన్నామలై నుంచి కబురు లేదు. ఒక పొద్దున అతని భార్య అంజలై బిందెతో బావి దగ్గరికి వచ్చింది. చిక్కమ్మ తలెత్తలేకపోయింది. మొగుణ్ణి దాచుకున్న ఆ రోజు పక్కింటి గడప ఆమెకు గుర్తే రాలేదు.

"ఆ పొద్దు పొగ నేనూ చూసినానక్కా," అంది అంజలై. "మీ పొయ్యి పొగ అనుకున్నాను."

మునిరాజ్ ఆమె చేతిలోంచి తాడు తీసుకుని, రెండు బారలే వదిలి, నీళ్ళు చేది బిందె నింపాడు. అంజలై బావి పక్క అరటి చెట్టు నుంచి ఒక ఆకు కోసుకుని ఇంటికి పోయింది.