బస్టాండు గొంతు

రోజూ డ్యూటీకి వెళ్లేముందు బస్టాండు అనౌన్సరు కూతురి కుడిపక్కన కూర్చునేవాడు. వినికిడి మిషను ఆ చెవికే పెట్టారు. పిల్ల పెదాలు చూసి పట్టేయకుండా నోటికి పేపరు అడ్డం పెట్టుకుని, ఒక మాట అనేవాడు. పిల్ల విని, తిరిగి పలికి, పుస్తకంలో వేలితో వెతుక్కుని చదివేది. చదివిందంటే ఆ మాట ఆయన నోట్లోంచి పోయినట్టే. ఇచ్చేశాక ఇంకెక్కడుంటుంది?

"చెవిలో పడని మాట కాగితం మీద ఉత్త గీతేనండీ. ముందు వినిపించండి, చదువు తర్వాత," అని వినబడని పిల్లల బడిలో టీచరమ్మ మొదట్లోనే చెప్పింది. తల్లి గొంతు చించుకున్నా లాభం లేకపోయింది. కొత్త మాట పిల్లకు తండ్రి గొంతులోనే ఎక్కేది.

"ఉప్పు" పోయిన రోజు ఆయన చప్పటి కూర నోరెత్తకుండా తినేశాడు. భార్య పకపకా నవ్వింది.

"తిట్లు కూడా నేర్పెయ్యండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది!"

ఆవిడ పేరు కూడా పోయాక నవ్వడం మానేసింది.

"బస్సు" మాత్రం ఆయన ప్రాణంలా దాచుకున్నాడు. దారిలో కనబడితే వేలితో చూపించేవాడే తప్ప నోరు మెదిపేవాడు కాదు. ఇల్లు గడిచేది ఆ మాట మీదే. కానీ మామూలు బడిలో సీటు కావాలంటే పిల్ల ఒక పాఠం గడగడా చదవాలి. ఖర్మ కాలి పాఠం నిండా బస్సే.

"ఇవ్వు నాన్నా," అంది పిల్ల, ఆ మాట మీద వేలు పెట్టి.

"రేపు మైకులో ఏం చెబుతారు?" అంది భార్య.

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పిల్లకు సీటొచ్చింది. ఆయన మైకు ముందు నంబరు చెప్పాడు, ఊరు చెప్పాడు, నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "బస్టాండులో ఆ మాటే లేకపోతే ఎలాగయ్యా?" అని మేనేజరు విసుక్కుని, బస్సులు కడిగే షెడ్డుకు మార్చేశాడు. ఇక దాచుకోవడానికేముంది? మిగిలిన మాటలన్నీ కూడా పిల్లకు ఇచ్చేశాడు.

ఒక సాయంత్రం బడి గేటు దగ్గర కూతురి స్నేహితురాలు ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీ నాన్న ఏం మాట్లాడరేంటే?"

"ఆయనకి మాటలు రావులే," అంది కూతురు తేలిగ్గా.

అచ్చం ఆయన పలుకే. బస్టాండంతా వినబడే ఆ గొంతే. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, పిల్ల బ్యాగు అందుకున్నాడు.