ఒలెక్సా వంతెన

నా భార్య ఫ్రూమెట్ బతకాల్సింది. తనను బతికించే బంగారాన్ని తనే పరాయివాడికి వదిలేసింది. ఇందులో వాదనకు చోటు లేదు.

మాది సారా వ్యాపారం. మా యూదుల పస్కా పండుగ రోజుల్లో ధాన్యపు సారా మా సొత్తుగా ఉండకూడదు. అందుకని ఏటా పండుగకు ముందు పీపాలన్నీ పక్కింటి ఒలెక్సాకు అమ్ముతాం. అతను మా మతం వాడు కాదు. పీపాలతో పాటు అవి ఉన్న నేలమాళిగను, గోడలతో సహా, మా మతగురువు రబ్బీ ఎదుట అమ్మి తాళంచెవి ఇచ్చేస్తాం. పండుగ వెళ్ళగానే తిరిగి కొనుక్కుంటాం. ఊళ్ళో మావాళ్ళందరిదీ ఇదే పద్ధతి. ఎన్నడూ ఎవరికీ చిక్కు రాలేదు.

ఆ ఏడు పండుగ నడుమ ఒలెక్సా తన సారా రుచి చూసుకోవడానికి మాళిగలోకి దిగాడు. ఏటా దిగేవాడే. పీపాను దొర్లించబోతే అది గోడకు తగిలి రాయి ఊడింది. వెనక మట్టికుండ. దాని నిండా పాతకాలపు బంగారు నాణేలు.

కుండను తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టాడు.

"జెలిగన్నా, మీ తాత దాచాడేమో చూడు."

"ఇంకెవరు దాస్తారు? ఇలా తే," అన్నాను.

ఫ్రూమెట్ దగ్గుకుంటూ మంచం దిగి వచ్చింది. చలికాలం నుంచీ ఆమె దగ్గులో రక్తం పడుతోంది. వియన్నాలో ఒక వైద్యుడు ఇలాంటి రోగాన్ని నయం చేస్తాడని సంతలో విన్నాను. అంతదూరం తీసుకెళ్ళే స్తోమత నాకు లేదు. ఆ స్తోమత ఇప్పుడు బల్ల మీద ఉంది.

"ఆ గోడ ఎవరిదయ్యా?" అంది ఫ్రూమెట్.

"మనదే."

"మరి పండుగకు ముందు ఎవరికమ్మావు?"

"అదేదో మాటవరసకు."

"అయితే ఊరందరి అమ్మకమూ మాటవరసకే. పండుగపూట అందరం సారా దాచుకున్నవాళ్ళమే. వెళ్ళి రబ్బీగారితో ఆ మాట అను, చూద్దాం."

వెళ్ళాను. రబ్బీ నా వైపు చూడకుండా, "అమ్మింది అమ్మిందే, జెలిగ్," అన్నారు. ఆయన ఇంకేమంటారు?

ఒలెక్సా మంచివాడే. అది ఒప్పుకుంటాను. "నా సొమ్మే అయితే నా ఇష్టం కదా వదినా? సగం తీసుకుని వైద్యానికి పో," అన్నాడు.

"నాకు పెడితే అది నాతోనే మట్టిలోకి పోతుంది," అంది ఫ్రూమెట్. " ఏటి మీద వంతెన కట్టించు. నా కాన్పునాడు వరదకు మంత్రసాని అవతలి గట్టునే నిలబడిపోయింది. నా బిడ్డ ఇవతల చచ్చిపోయాడు."

"వియన్నా వైద్యుడు..." అన్నాను.

"ఆయన పేరేంటి?"

"తెలీదు."

"మరింకేం." నవ్వింది. నవ్వు దగ్గయింది.

ఒలెక్సా తల గోక్కున్నాడు. "వంతెన మీద నా పేరు చెక్కిస్తారా?"

"చెక్కించుకో. నీకు చదువు రాదుగా, నీ గొర్రె పేరు చెక్కినా మురిసిపోతావు," అంది ఫ్రూమెట్.

కోతల తర్వాత వంతెన లేచింది. తొలిమంచుకు ఫ్రూమెట్ పోయింది. మా శ్మశానం ఏటికి అవతల ఉంది. పాడె మోసినవాళ్ళు కాళ్ళు తడవకుండా దాటారు. నేను నీళ్ళలో దిగి నడిచాను. ఇప్పటికీ నీళ్ళలోంచే నడుస్తాను.

వరద రోజుల్లో కూడా మంత్రసాని బండి ఆ వంతెన పలకల మీదుగా వస్తుంది. వీధిలో పసివాళ్ళ ఏడుపు వినిపిస్తుంది. అయినా ఆమె చేసింది తప్పే. నేను క్షమించలేదు, క్షమించను. అడిగారు కాబట్టి చెప్పాను. ఈ సంగతి ఇక నా నోట రాదు.