తెల్లజిల్లేడు పాలు

తార్నాకలో మా ఇంటి ఓనరు వెంకటసుబ్బారావుకు గేటు పక్కనున్న తెల్లజిల్లేడంటే ప్రాణం. అందులో వినాయకుడుంటాడని, ఇంటికి రక్ష అని చెప్పి గుంటూరు నుంచి తెచ్చి నాటుకున్నాడు. రోజూ పసుపు, కుంకుమ, ప్రదక్షిణలు. పైగదిలో అద్దెకుండే నేను దాని దగ్గర చెప్పులు విడిస్తే గుడ్లురిమేవాడు. ఆయన కూతురు అక్షర మాత్రం బంగారం. ఇంటర్ చదువుతూ నా దగ్గర లెక్కలు చెప్పించుకునేది.

తెలంగాణ కోసం మా యూనివర్సిటీ క్యాంపస్ రగిలిపోతున్న రోజులు. ఆ సాయంత్రం మా ర్యాలీని పోలీసులు కుళ్లబొడిచారు. టియర్ గ్యాస్ పొగ తార్నాక సందుల్లోకీ వచ్చేసింది. నేనూ, నా క్లాస్‌మేట్ ముఖేషూ పరుగెత్తుకొచ్చి ఇంట్లో దూరబోతుంటే, గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ ముఖేష్ కాళ్ల మీద లాఠీతో కొట్టాడు. వాడు తూలి జిల్లేడు మీద పడ్డాడు. పడ్డవాణ్ని కూడా ఆ దుర్మార్గుడు వదల్లేదు. ఒక దెబ్బ వీపు మీద, ఒక దెబ్బ చెట్టు మీద. ముఖేష్ తల చిట్లింది. కొమ్మలు విరిగి దెబ్బదెబ్బకూ పాలు చిమ్ముతున్నాయి. కొట్టొద్దని ఏడుస్తూ అక్షర అడ్డం వచ్చి ముఖేష్ మీదికి వంగింది.

కానిస్టేబుల్ కొట్టి కొట్టి అలిసి వెళ్లిపోయాక వెంకటసుబ్బారావు బయటికొచ్చాడు. కారుతున్న నెత్తురు ఆయనకు కనబడలేదు, విరిగిన చెట్టు కనబడింది. దేవుణ్ని విరగ్గొట్టావంటూ ముఖేష్‌ను డొక్కలో తన్నాడు. నాకు ఒళ్లు మండి ఆయన చొక్కా పట్టి లాగాను.

అక్షర కళ్లు నులుముకుంటోంది. పొగకు అందరి కళ్లూ కారుతున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్లమ్మ కమలాదేవి చెంబుతో నీళ్లు తెస్తే, కింద పడి ఉన్న ముఖేషే ఆపాడు.

"నీళ్లు పొయ్యకుండ్రి ఆంటీ. పొగకు నీళ్లు తగిల్తే ఇంకింత మండుతది. గాలికి అదే పోతది."

క్యాంపస్‌లో మేమంతా గట్టిగా నమ్మే మాట అది.

చీకటి పడ్డాక అక్షర లైటు వెయ్యమంది. ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, మంట పెద్దగా లేకుండా చూపు మసకబారిందంటే ఏదైనా చెట్టు పాలు పడ్డాయా అని అడిగింది. కాదు, పొగేనన్నాడు తండ్రి. నాకు అక్షర చున్నీ మీద ఎండిన మరకలు కనిపించాయి.

"జిల్లేడు పాలు మేడమ్. చెట్టు కాడ పడ్డయి."

నా చెంప ఛెళ్లుమంది. దేవుడి మీద నింద వేస్తావా అంటూ ఆయన మళ్లీ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఒడిసిపట్టి, మూలిగేదాకా మెలితిప్పాను.

"పాలే నాన్నా," అంది అక్షర మంచం మీంచి. "పెదాల మీద కూడా పడ్డాయి. చేదు."

డాక్టరమ్మ వెంటనే కళ్లు కడగడం మొదలుపెట్టింది. చాలాసేపటికి, ఎడమ కన్ను దక్కొచ్చు, కుడి కంటి మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పింది. అప్పుడే కడిగుంటే రెండూ దక్కేవట. తెలిసీ ఎందుకు దాచావమ్మా అని అడిగింది.

అక్షర తండ్రి గొంతు వినిపించిన వైపు తల తిప్పింది.

"చెట్టు విరిగినందుకే ముఖేషన్నను నాన్న తన్నారండీ. దాని పాలు నా కళ్లల్లో పడ్డాయంటే అన్నను చంపేసేవారు."